జీతము, ఊరు, న్యాయము

ఒకే పాఠము చెప్పే ఇద్దరు ఉపాధ్యాయులకు ఊరిని బట్టి వేరు వేరు జీతమిచ్చుట న్యాయమేనా?

7వ వేతన సంఘము ప్రకారము కేంద్రీయ విద్యాలయములలో హైస్కూలు ఉపాధ్యాయుని ఆరంభ మూలవేతనము రూ. 44,900. అది ఏ ఊరిలోనైనా ఒక్కటే. ఇంటి అద్దె భత్యము మాత్రము 2024 జనవరి నుండి బెంగుళూరు, చెన్నై, ముంబయి వంటి నగరములలో నూటికి 30, అనగా రూ. 13,470, 5 లక్షల లోపు జనాభా గల ఊళ్లలో నూటికి 10, అనగా రూ. 4,490. పనికి వెల ఒకటే, బ్రతుకుటకు ఖర్చు వేరు. ఇది పక్షపాతము కాదు, న్యాయమేనని మా అభిప్రాయము.

అయితే మన పిల్లలు అనేకులు చదివేది ప్రైవేటు బడులలో. అక్కడ చాల చోట్ల ఉపాధ్యాయులకు ఈ లెక్క అందుట లేదు. అద్దె కోసము వారు రాత్రి వరకు ట్యూషన్లు చెప్పి, అలసిన గొంతుతో ఉదయము తరగతికి వచ్చెదరు. ఆ లోటును చివరకు భరించేది మన బిడ్డలే.

మనలోను అద్దె ఇండ్లవారు కలరు, ఫీజు కూడ భారమే. నిజమే. అద్దె బరువు తెలిసిన మనమే అడుగవలెను: మనము కట్టే ఫీజులో పాఠము చెప్పేవారికి చేరేది ఎంత? ఫీజు తక్కువని సంతోషించినప్పుడు, ఆ తగ్గింపు ఎవరి జీతములో నుండి వచ్చినది?