అనుమానమునకు అందని సత్యము

దాంపత్యమున అనుమానము ప్రవేశించిన పిమ్మట దానికి సాక్ష్యములు కరవు కావు. భర్త ఆలస్యముగా వచ్చినను సాక్ష్యమే, వేళకు వచ్చినను సాక్ష్యమే. ఈ సంగతిని నవ్వించుచు చెప్పిన హిందీ చిత్రము ‘అంగూర్’. 1982లో వెలువడిన ఆ చిత్రమునకు దర్శకుడు గుల్జార్. సంజీవ్ కుమార్, దేవేన్ వర్మ అందు చెరి రెండు పాత్రలు ధరించిరి. మూలము షేక్స్పియరు నాటకమగు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’. దానినే ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1869లో ‘భ్రాంతివిలాస్’గా వంగభాషలోనికి తెచ్చెను, మన వీరేశలింగము పంతులుగారు ‘చమత్కార రత్నావళి’గా తెనిగించిరి.

ఒకే రూపు, ఒకే పేరు గల కవలలు ఇద్దరు. వారి సేవకులును అట్టివారే. పరాయి ఊరినుండి వచ్చిన అశోకుని చూచి సుధ తన భర్తయే యనుకొని ఇంటికి తెచ్చును. అతడు “నీవెవరో నేనెరుగను” అనును. భార్యకు చేయించిన హారము వేరొకని చేతికి పోవును. ఇంక ఆమె అనుమానమునకు అడ్డేమున్నది?

అయితే లోకము అనుమానమను పేర రెండు వేరు దోషములను కలిపివేయుచున్నది. చీకటిలో కనబడునది మ్రోడా, మనుష్యుడా అని ఊగులాడుట సంశయము. ముత్యపుచిప్పను వెండియే యని నిశ్చయించుట విపర్యయము. జైన తార్కికులు వీనిని స్పష్టముగా విడదీసిరి. సుధ దోషము నిజమునకు రెండవది. భర్త శీలమును శంకించెనే కాని, ఎదుటనున్నవాడు భర్తయేనా యని ఒక్కమారును శంకింపలేదు. పాపము, ఏ ఇల్లాలు మాత్రము అట్లు శంకించును!

పరాయి అశోకుడు ఆమెకు తీసిపోడు. అపరాధపరిశోధక నవలలు చదివి చదివి ప్రతివానిని దొంగలముఠావానిగా చూచును. మూల నాటకములోని యువకుడు మరియు విచిత్రుడు. తప్పిపోయిన సోదరుని వెదకుచునే ఆ నగరమునకు వచ్చెను. ఊరెల్ల తన్ను పేరుపెట్టి పిలుచుచున్నను సోదరుడిచ్చట ఉండునని తోపక, ఇదియంతయు మాయలమారుల పని యని భయపడెను. శంకించువాడెల్ల విచారించువాడు కాడు.

ఆ నాటకముననే, తన ఇంటి తలుపు తనకే మూయబడగా నిజమైన భర్త కోపించి, భార్యకని చేయించిన గొలుసును వేరొక స్త్రీకిచ్చెదనని బయలుదేరును. లేని తప్పును ఊహించుట ఉన్న తప్పునకు దారి తీసినది. పిమ్మట మఠాధ్యక్షురాలు, నీ అసూయయే నీ భర్తను పిచ్చివానిని చేసినదని ఆ ఇల్లాలిని అందరియెదుట మందలించును. అతడు పిచ్చివాడే కాడు! తీర్పు చెప్పిన పెద్దమ్మయు భ్రమలోనే ఉన్నది.

బొయిపరిగుడ వంటి చిన్న ఊరిలో ఈ చిక్కు తెరమీదిదిగా మిగులదు. తెలుగు, ఒడియా, దేశియా మాటలు కలిసి వినబడు చోట, “ఫలానావాడు జయపురము బస్సు కడ ఎవరితోనో కనబడెను” అను వాక్యము ఏ భాషలోనైనను సులభముగా నడచును. ఆమె అతని చెల్లెలు కావచ్చును. అతడు అతడే కాకపోవచ్చును. పరుల ముఖచేష్టలనుబట్టి లోని అభిప్రాయమును ఊహించి అసూయతో బయటపెట్టుటను సాకారమంత్రభేదమందురు. తత్త్వార్థసూత్రము దీనిని సత్యవ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో చేర్చినది. చెప్పిన మాట నిజమైనను దోషమే యగుట గమనింపదగినది.

నాటకము చివర కవలలు ప్రక్కప్రక్కన నిలిచిరి, చిక్కులన్నియు విడిపోయినవి. ఉంగరము, ధనము ఎవరివి వారికి ముట్టినవి. కాని భార్యాభర్తలు ఒకరినొకరు మన్నింపుమని అడిగినట్లు అందు ఒక్క పలుకును లేదు. ఆ రాత్రి ఇంటికి పోయి వారేమి మాటలాడుకొనిరో షేక్స్పియరు చెప్పలేదు.