పదిమందిలో పాము చావదా?

పదిమందిలో పాము చావదన్నారు పెద్దలు. ఎవరో ఒకరు కొడతారులే అని ప్రతివారూ చూస్తూ నిలబడతారు. వృద్ధుల వైద్యంలో ఈ సామెత ఎంతవరకు నిజమన్నది మన సంఘ సభ్యులు యోచించదగిన ప్రశ్న. మనలో వైద్యవృత్తిలో వున్నవారూ, పిల్లల్ని ఆ వృత్తికి పంపుతున్నవారూ చాలామందే వున్నారు గదా!

ఎనభై యేళ్ల వృద్ధురాలు రాత్రివేళ మంచం దిగుతూ పడిపోయిందనుకుందాం. రక్తపోటుకు మందు రాసినది డాక్టరు. దానికి నిద్రమాత్ర తోడయితే కళ్లు తిరగవచ్చునని ఫార్మసిస్టుకు తెలుసు. ఆమె లేచి నిలబడగానే తూలటం నర్సు చూసింది. కాళ్లలో పట్టు తగ్గిందని ఫిజియోథెరపిస్టు గమనించాడు. నలుగురూ ఎవరి పని వారు సక్రమంగానే చేశారు. తుంటి ఎముక విరిగినది మాత్రం ఆమెకు. దోషమెవరిది?

విడివిడిగా చూస్తే ఎవరిదీ కాదు. తెలిసినది చెప్పకపోవటం, చెప్పబోతే వినకపోవటం, ఈ రెండింటి నడుమనే దోషమున్నది. ఇది విద్యలో లోపం కాదు, నీతికి సంబంధించిన లోపమని నా అభిప్రాయం.

1935లో డాక్టర్ మార్జరీ వారెన్ లండన్‌కు పశ్చిమాన వున్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో, నయం కారని మంచాలకు వదిలేసిన వందలాది వృద్ధుల బాధ్యత స్వీకరించారు. ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి, నర్సుల, వ్యాయామ చికిత్సకుల సాయంతో అనేకమందిని లేపి నడిపించారు. ఎందరో ఇళ్లకు తిరిగి వెళ్లారు. వృద్ధుల వైద్యాన్ని విద్యార్థులకు ప్రత్యేకంగా నేర్పాలని 1943లోనే ఆమె వాదించారు. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయం 1986లో మరొక అడుగు వేసి, డాక్టరు, నర్సు చదువులతోపాటు ఇతర వైద్య విద్యల వారినీ తొలి వారాల్లో కలిపి కూర్చోబెట్టింది. 1996లో ఆ విద్యార్థులే ఉమ్మడిగా, పెద్దల పర్యవేక్షణలో, రోగులను చూసుకునే వార్డును అక్కడ ఆరంభించారు.

కలిసి చదివినంత మాత్రాన ఏమవుతుంది, చివరకు నిర్ణయం ఒకరే చేయాలి గదా అని కొందరంటారు. నిజమే. నిర్ణయం ఒకరిదైనా, దానిని ప్రశ్నించే హక్కు అందరికీ వుండాలి. "అయ్యా, ఈ మందువల్లనే ఆమె తూలుతున్నదేమో" అని నర్సు చెప్పగలగాలి. ఆ మాటకు డాక్టరు చిన్నబుచ్చుకోకూడదు. ఈ అలవాటు ఇరవయ్యేళ్ల వయసులో పట్టుబడినంత తేలికగా యాభయ్యో యేట పట్టుబడదు. అందుకే చదువుకునే రోజుల్లోనే కలిసి పనిచేయించటం.

అయితే పిల్లలు ఆ తరగతిలోకి ఒట్టి చేతులతో వెళ్లరు. మన ఇళ్లల్లో నేర్చిన హెచ్చుతగ్గులను వెంట తీసుకుపోతారు. కొడుకు డాక్టరయితే పదిమందికీ చెప్పుకుంటాం. కూతురు నర్సవుతానంటే "మార్కులు రాలేదా?" అంటాం. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు? ఆ నర్సు మాటకు విలువ లేదని భోజనాల బల్ల దగ్గర నేర్చిన కుర్రవాడు, రేపు వార్డులో ఆమె మాట ఎలా వింటాడు?

ఆ నలుగురికంటే ముందుగా మాట్లాడవలసినది ఆ వృద్ధురాలే. తనకు మళ్లీ నడవటం ముఖ్యమో, నొప్పి లేకుండా నిద్రపోవటం ముఖ్యమో ఆమెను అడగనిదే ఎంత గొప్ప బృందమైనా చీకట్లో తడుములాడవలసినదే. పాము చావకపోవటానికి కారణం పదిమంది వుండటం కాదు. వారు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవటం.