తిరిగి వచ్చునప్పుడు ఆగుదుము

వాక్యభాగము: మార్కు సువార్త 6:30–46



విశ్రాంతి పాపము కాదు. ఈ మాట ముందుగా చెప్పవలసి యున్నది. ఏలయనగా మన పల్లెటూరి సంఘములలో ఒక కుటుంబము ఒకనాడు పని మాని, పిల్లలను వెంటబెట్టుకొని ఏటి ఒడ్డునకో సముద్రపు ఒడ్డునకో పోయినయెడల, "వీరికి లోకాశ లెక్కువైనవి" అని చెవులు కొరుక్కొనువారు కలరు. అయితే సువార్తలో ఏమి చూచుచున్నాము? శిష్యులు ఊరూర తిరిగి బోధించి అలసి వచ్చిరి. వచ్చిపోవు జనముతో వారికి కూర్చుండి అన్నము తినుటకు కూడ వీలు చిక్కలేదు. అప్పుడు ప్రభువే వారిని జనసంచారము లేని చోటికి రమ్మని పిలిచెను. వారు పడవ యెక్కి వెళ్ళిరి. అలసిన దేహమునకు కొంత విరామము కావలెనని మనకంటె ముందుగా ఆయనకే తెలియును.

మేమును అట్టి దినమొకటి గడిపితిమి. ఆ దినమున కలిగిన సంతోషమును, ఆ దినమున మేము చేసిన తప్పును, రెంటిని దాచక ఇక్కడ వ్రాయుచున్నాము.

సంక్రాంతి సెలవులలో పిల్లలందరు ఇంటికి చేరిరి. జలపాతము చూడవలెనని వారి కోరిక. మా తాతగారు నవ్వి, "కోనసీమలో కొండే లేదు కదర్రా, జలపాతం ఎక్కడినుంచి వస్తుంది?" అనిరి. తరువాత ఆయన పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, మన నీరు ధవళేశ్వరములోనే దూకి వచ్చునని చెప్పిరి. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో మొదలుపెట్టి 1852 నాటికి అక్కడ ఆనకట్ట కట్టించిరి. ఇప్పుడు 1982లో పూర్తియైన బారేజి దాని పని చేయుచున్నది. అక్కడ దిగిన గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలై చీలును. వసిష్ఠ నుండి వైనతేయ చీలును. ఒక ప్రక్క గౌతమి, ఒక ప్రక్క వసిష్ఠ, క్రింద సముద్రము. "అంటే మనం కూడా లంకలోనే ఉన్నామా తాతయ్యా?" అని చిన్నది అడిగెను. ఆ ప్రశ్నను మేమప్పుడు నవ్వి విడిచితిమి.

రేవులో ఇంజను పడవ నొకదానిని దినమంతటికి మాట్లాడుకొంటిమి. పిల్లలు పెద్దలు కలిసి పదకొండుగురము. పులిహోర, పెరుగన్నము, కోడికూర, పొట్టిక్కలు గిన్నెలకు సర్దుకొంటిమి. మొదట వసిష్ఠలో నున్న ఒక లంకకు పోయి భోజనము చేయవలెను. పాటు మొదలుకాగానే ఏటివాలున అంతర్వేదికి దిగవలెను. సాయంకాలము పోటు మీద అదే దారిని తిరిగి రావలెను. ఇది మా యేర్పాటు.

లంకయొక్క ఒక ప్రక్క తెల్లని ఇసుక మేట. నీరు మోకాలి లోతున తేటగా నుండెను. పిల్లలు ఇసుకలో గూళ్ళు కట్టిరి. కొంగలు మమ్మును చూచి కూడ కదలలేదు. భోజనమునకు ముందు దేవునికి వందనములు చెల్లించి, పిల్లలు ఆదివారపు బడిలో నేర్చిన పాట పాడిరి. ఎంతో కాలమునకు ఇంటిల్లిపాది ఒకచోట కూర్చుండి తింటిమి. దేవుడు మంచివాడని ఆ పూట ఎవరును మాకు బోధించనక్కరలేక పోయెను.

రెండవ ప్రక్క మాత్రము వేరుగా నుండెను. అక్కడ గట్టు కత్తితో కోసినట్లు నిలువుగా తెగియున్నది. కొబ్బరిచెట్లు వేళ్ళు బయటపడి ఏటిలోనికి వాలియున్నవి. "ఏరు కోసేస్తోందండి. మా చిన్నప్పుడు ఇంకా అంత దూరం తోటలుండేవి," అని పడవవాడు నీటి నడుమను వ్రేలు చూపెను.

ఆ సమయమున ఒక వృద్ధురాలు కఱ్ఱ ఊతగా గట్టు వెంబడి వచ్చెను. పిల్లల పాట విని వచ్చినదట. "మీరు మన ప్రార్థనోళ్ళేనా బాబూ?" అని అడిగెను. అవునంటిమి. ఆమె ముఖము వికసించెను. "అదిగోనండి మా ఇల్లు. ఒక్క ప్రార్థన చేసి వెళ్దురు గాని రండి. మా ఇంట్లో ప్రార్థన జరిగి శానా రోజులైపోయిందండి. నాకా, పడవెక్కి గుడికొచ్చే ఓపిక లేదు."

మేము గడియారము చూచుకొంటిమి. పాటు మొదలైనదని పడవవాడు తొందరపెట్టుచుండెను. పొద్దు క్రుంకకముందే అంతర్వేది చేరవలెనని పిల్లలు ఒకటే గోల. మేము ఆమెతో మర్యాదగానే చెప్పితిమి: "వచ్చేటప్పుడు ఆగుతాం మామ్మగారూ."

"అలాగే బాబూ, కనిపెట్టుకుని ఉంటాను," అని ఆమె వెళ్ళెను.

అంతర్వేదిలో దీపస్తంభము చూచితిమి. వసిష్ఠ సముద్రములో కలియు చోట అన్నాచెల్లెళ్ళ గట్టు అనునది కలదు. అక్కడ ఏటినీరు ఒక రంగు, సముద్రపు నీరు ఒక రంగు. రెండును ప్రక్కప్రక్కన నుండి, నడుమ గీత గీసినట్లు కనబడును. దానిని చూచుచు చాలసేపు నిలిచితిమి. పొద్దు క్రుంకినది. చలిగాలి లేచినది. తడిసిన బట్టలతో పిల్లలు వణకుచుండిరి. పడవను పంపివేసి, ఆటోలు మాట్లాడుకొని రోడ్డుమీదుగా ఇల్లు చేరితిమి. దారిలో మాలో ఒకరు, "ఆ మామ్మగారికి మాట ఇచ్చాం కదా," అనిరి. "ఇంత చీకట్లో ఆవిడ మన కోసం మేలుకుని ఉంటుందా?" అని మేమే సమాధానము చెప్పుకొంటిమి.

రెండు ఆదివారములు గడచినవి. ప్రార్థనలో మోకరించినప్పుడెల్ల ఆ గట్టు మా కన్నులకు అగపడుచుండెను. మూడవ శనివారమున అదే పడవలో ఆ లంకకు పోతిమి. ఇంటికి తాళము వేసియున్నది. ప్రక్కయింటి ఆమె మమ్మును చూచి, "ఆ రోజు వస్తామన్నది మీరేనాండి?" అని అడిగెను. మేము తల వంచుకొంటిమి. ఆమె చెప్పెను: "ఆ రాత్రి ఇల్లంతా తుడిచి చాప పరిచారండి. చార్జింగు లైటు పట్టుకొచ్చి గట్టు మీద పెట్టారు, మీకు రేవు కనపడాలని. పడవ చప్పుడైనప్పుడల్లా లేచి చూసేవారు. లైటు ఆరిపోయే దాకా కూర్చున్నారండి. మొన్న మంగళవారం కొడుకొచ్చి తీసుకెళ్ళిపోయాడు, గట్టు ఇంటి దాకా వచ్చేసిందని." ఇట్లు చెప్పి, లోపలికి పోయి ఆ చాపనే తెచ్చి అరుగుమీద పరచెను. ఇరుగుపొరుగువారు నలుగురు చేరిరి. మేము ఆ చాపమీద మోకరించితిమి గాని, చాలసేపు మా నోట మాట రాలేదు.

ఆ సాయంకాలము కొడుకు ఫోనులో మామ్మగారితో మాట్లాడి క్షమింపుమని వేడుకొంటిమి. ఆమె ఒక్క నిందమాటయైనను అనలేదు. "ప్రార్థన అయ్యిందా బాబూ? నేను లేనప్పుడొచ్చారు. పోనీలెండి, ఇల్లు ఉండగానే వచ్చారు," అనెను.

ప్రియులారా, ఇప్పుడు మార్కు 6వ అధ్యాయమును మరల చదువుడి. ప్రభువుయొక్క విశ్రాంతి దినము కూడ చెడినది. పడవ ఒడ్డు చేరకముందే జనులు కాలినడకను పరుగెత్తి అక్కడ నిలిచియుండిరి. శిష్యులు అలసియున్నారు. ప్రభువును అలసియున్నాడు. అయినను ఆయన వారిని చూచినప్పుడు కాపరిలేని గొఱ్ఱెలు ఆయనకు జ్ఞాపకము వచ్చి, కడుపు తరుగుకొని పోయెను. ప్రొద్దు వాలినప్పుడు వారిని పంపివేయుమని శిష్యులు చెప్పిరి. అది తెలివితక్కువ మాట కాదు. మేము చెప్పిన మాట వంటిదే, మర్యాదగల మాటయే. కాని ప్రభువు వారిని పచ్చిక మీద కూర్చుండబెట్టి, ఐదు రొట్టెలు రెండు చేపలు పంచి పెట్టెను. పండ్రెండు గంపలు మిగిలినవి. మరియొక సంగతి గమనింపుడి. జనులను పంపివేసిన తరువాత ఆయన ఒంటరిగా కొండకు పోయి ప్రార్థించెను. పోయినదనుకొన్న ఏకాంతము ఆయనకు ఆ రాత్రి దొరికెను. అక్కరలో నున్నవాని కొరకు మన మాగినందువలన మన విశ్రాంతి పోదు. కొంచెము ఆలస్యముగా వచ్చును, అంతే.

దీనినుండి మేము నేర్చుకొన్న మూడు సంగతులు మీతో పంచుకొనుచున్నాము.

మొదటిది: మన విహారస్థలము మరియొకరి నివాసస్థలము. మేము ఒక పూట చూచి సంతోషించిన ఇసుక మేట, వరద తెచ్చి వేసినది. ఆ వరదయే రెండవ ప్రక్క ఒకరి తోటను కోసికొని పోయినది. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 తుపానును మన పెద్దలు మరువలేదు. 2022 జూలై వరదలో లంకవాసులు ఇండ్లు విడిచి వచ్చుట పిల్లలు కూడ చూచిరి. అందమును చూచి వందనము చెల్లించు నోరు, అక్కడ నివసించువారి క్షేమమును కూడ అడుగవలెను. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో, ఓడ పగిలి తడిసి చలికి వణకుచున్న పౌలును మెలితే ద్వీపవాసులు నిప్పు రాజేసి చేర్చుకొనిరి. ఎరుగనివారే అట్లు చేసినప్పుడు, ఒకే ప్రభువునెరిగిన మన మెంత చేయవలెను?

రెండవది: "తరువాత" అనుమాట జాగ్రత్తగా పలుకవలెను. మత్తయి 21వ అధ్యాయములో తండ్రి మాటకు సరేనని చెప్పి ద్రాక్షతోటకు పోని కుమారుడొకడున్నాడు. వాడు తండ్రిని తిట్టలేదు, ఎదిరింపలేదు. పోలేదు, అంతే. మేము మామ్మగారిని కాదని పొమ్మనియుండిన, ఆమె ఆ రాత్రి నిద్రించియుండును. మా మంచిమాటయే ఆమెను చలిలో గట్టుమీద కూర్చుండబెట్టినది. ఆగలేనియెడల ఆగలేమని చెప్పుడి. ఆగుదుమని చెప్పినయెడల ఆగుడి.

మూడవది: ద్వీపములు కనిపెట్టుకొనియున్నవి. దేవుని సేవకుడు తెచ్చు బోధకొరకు దూరపు ద్వీపములు ఎదురుచూచుననెడి సంగతి యెషయా 42వ అధ్యాయములో కలదు. ఆ మాట ఎక్కడనో సముద్రముల నడుమ నున్న దేశములకు చెందినదని ఇన్నాళ్ళు చదివితిమి. మన యేటిలోనే ఒక ద్వీపము దీపము పట్టుకొని కూర్చున్నదని ఎరుగలేదు. బౌడెన్, బీర్ అను ఇంగ్లాండు దేశపు సేవకులు నరసాపురమునకు వచ్చినప్పుడు ఈ పాయలమీద వంతెన ఒక్కటియు లేదు. అయినను సువార్త ఈ యేళ్ళను దాటి మన పల్లెలకు వచ్చినది. ఇప్పుడు వంతెన లున్నవి. వంతెన ఉన్న ఊరికే పోవుట మనకు అలవాటైనది. మా చిన్నది తాతగారి నడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు తెలిసినది: అవును, మన మందరము లంకవాసులమే. ఒకరి గట్టు నేడు తెగుచున్నది, ఒకరి గట్టు ఇంకను నిలిచియున్నది. భేదమంతయు ఇదే.

కాబట్టి ప్రియులారా, మీ పిల్లలను తీసికొని తప్పక వెళ్ళుడి. ఒడ్డులను, లంకలను చూచి ఆనందించుడి. లైఫ్ జాకెట్లు లేని పడవ యెక్కకుడి; 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగినది మరువకుడి. వెళ్ళినచోట ఒక ఇల్లు తట్టుడి. మీ గిన్నెలో నున్నదానిలో ఒక పాలు అక్కడ పెట్టుడి. మీ సంఘమునకు దగ్గరగా నున్న లంకలో గుడికి రాలేని వృద్ధులెందరో పేరు పేరున వ్రాసికొని, నెలకొకసారి పగటి వెలుగు ఉండగానే పోయి రండు. మేము నెలకొక శనివారము ఆ అరుగుమీద కూడుకొనుచున్నాము. మామ్మగారి చాప అక్కడనే యున్నది. అన్నాచెల్లెళ్ళ గట్టు వద్ద రెండు నీళ్ళ నడుమ చూచిన గీత వంటిది మన సంఘములకును లంకలకును నడుమ నుండరాదు.

ప్రార్థన: పడవలో అలసి నిద్రించిన ప్రభువా, మా అలసట నీ వెరుగుదువు. నీవిచ్చిన విశ్రాంతి దినములకై వందనములు. ఆ దినములలో మాకెదురైనవారిని దాటిపోయిన మా పాపమును క్షమించుము. ఏటి కోతలో ఇల్లు విడిచిన నీ బిడ్డలకు నీడ చూపుము. ఇచ్చిన మాట నిలుపుకొను హృదయమును మాకు దయచేయుము. ఆమేన్.