గోడ మీది దుఃఖం

సచ్చినోని కోసం ఏడ్చే హక్కు ఎవరిది? ఎంత దగ్గరికొచ్చి ఏడిస్తే అది ఏడుపు? ఊళ్లె ఎవరు సచ్చినా ముందు నడిచింది మా మాదిగ డప్పే. మా ఇంట్ల సావైతే ఊరు వాడ మొగదల్లనే నిలబడ్డది. బొందలగడ్డ కూడా వేరే. సావుకు కులముందని మేం పుస్తకాల్లో నేర్చుకోలేదు.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నం. హాస్టల్ నుంచి గెంటేస్తే ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ‘వెలివాడ’ కట్టుకొని ఆరుబయట పడుకున్న రోజులవి. కార్ల్ సేగన్ లెక్క సైన్సు రచయిత కావాలనుకున్నోని ఆఖరి ఉత్తరం ఫేస్‌బుక్ మీద దేశాలు దాటింది. మేడ్చల్ బస్టాండ్‌లో నిలబడి నేనూ ఫోన్లోనే చదివిన. ఎన్నడూ చూడని మనిషి కోసం కండ్లు తడిసినయి. ఆ దుఃఖం అబద్ధమా?

నా దోస్తు సావు పేపరుకెక్కలేదు. శామీర్‌పేట వాడు. ఇద్దరం మా ఇండ్లల్ల మొదటి డిగ్రీలం. కలిసి డీఎస్సీకి చదివితే నౌకరి నాకొచ్చింది, వానికి రాలే. కామెర్లు ముదిరి పోయిండు. ఆ రాత్రి వాని ఫేస్‌బుక్ గోడ నిండింది. కూలికిపోయే వాళ్లమ్మకు చదువు రాదు, ఒక్కొక్కటి నేనే చదివి వినిపించిన. ఆమె విన్నది, విని అడిగింది: “గింతమంది ఉన్నరా బిడ్డా మావోనికి? మరి దవాఖానల ఉన్నప్పుడు యాడికి పోయిన్రు?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేం. వాడకట్టుకు కాలు పెట్టని క్లాస్‌మేట్లు గోడ మీద ‘రిప్’ అని మూడక్షరాలు పెట్టిన్రు. సావు సంగతి తెలువనోళ్లు పుట్టినరోజు నాడు శుభాకాంక్షలు కూడా చెప్పిన్రు. మైల అంటదు, చార్జీ ఖర్చు లేదు, మా ఇంట్ల నీళ్లు తాగే పని లేదు. అంటరానితనాన్ని పక్కకు పెట్టకుండనే ఏడ్వొచ్చు.

అట్లని ఆ గోడను తీసిపారేద్దామా? మా తాతకు ఒక్క ఫొటో లేదు. సమాధి లేదు, పేరు చెక్కిన రాయి లేదు. వాని మాటలు వాని పేరు మీదనే మిగిలిన మొదటి జాగ ఇది. రోహిత్ ఫేస్‌బుక్ రాతలను ఏరి తర్వాత నిఖిలా హెన్రీ ఇంగ్లీషులో పుస్తకమే తెచ్చింది. కానీ జాగ మనది కాదు, కంపెనీది. దొర భూమిలో వేసుకున్న గుడిసె లెక్క, తీసెయ్యమంటే తీసెయ్యాల్సిందే.

దగ్గర, దూరం అనేవి గజాలతో కొలిచేవి కావు. గోడ మీద ఒక్క ముక్క రాయని ఆటో నడిపే దోస్తు వాని తమ్ముని ఫీజు కట్టిండు. గోడ చూసి కరీంనగర్ నుంచి, మొగమెరుగని అన్న ఒకాయన ఫోన్ చేసి ఆ తమ్మునికి పుస్తకాలు పంపిండు. ఒకరు దగ్గరోడు, ఒకరు దూరపోడు. ఇద్దరిదీ దుఃఖమే. సచ్చినోడు సగంలో ఇడిసిన పనిని ఎత్తుకున్నరు కాబట్టి.

2024 మేలో, రోహిత్ దళితుడే కాదంటూ పోలీసులు కేసు మూసే నివేదిక బయటికొచ్చింది. తల్లి రాధిక, విద్యార్థులు మళ్లీ నిలదీస్తే మళ్లీ విచారిస్తమన్నరు. 2016లో గోడల నిండా ఏడ్చినోళ్లల్ల ఆనాడు ఎంతమంది నోరిప్పిన్రు? నివాళి ఒక్కరోజుతో తీరుతది. బాకీ తీరదు. మనం సచ్చినోళ్లకు బాకీ పడ్డం.