మంచు కరిగిపోతే అది ఎవరి కర్మ?



లడఖ్‌లోని జంస్కార్ ప్రాంతంలో కుమిక్ అనే చిన్న బౌద్ధ గ్రామం ఉంది. కొండమీది మంచు కరిగి వచ్చే వాగే ఆ ఊరికి ఆధారం. బార్లీ పండాలన్నా, పశువులు బతకాలన్నా ఆ నీళ్లే. రానురాను మంచు తగ్గింది, వాగు ఎండింది. చివరికి ఊరివాళ్లు తరతరాల ఇళ్లు వదిలి, కిందికి, నది వైపుకి తరలిపోవాలని నిర్ణయించుకున్నారు.

ఇది వాళ్ల పూర్వజన్మ కర్మ అందామా?

మనకు ఆ మాట కొత్త కాదు. మన తాతముత్తాతల్ని చెరువు గట్టు ఎక్కనివ్వనప్పుడు కూడా "మీ కర్మ ఇంతే" అన్నారు. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగి బాబాసాహెబ్ ఆ మాటను తిప్పికొట్టారు. పేదవాడి దుఃఖానికి పూర్వజన్మను చూపడమంటే, సమాజం తన బాధ్యత నుంచి తప్పుకోవడమేనని తన ధమ్మ గ్రంథంలో తేల్చారు.

బుద్ధుడు మనకు నేర్పింది కారణాన్ని వెతకమని. అదే ప్రతీత్య సముత్పాదం. కారణం ఉంటే ఫలితం ఉంటుంది, కారణం పోతే ఫలితమూ పోతుంది.

మరి మంచు కరగడానికి కారణమేంటి? కొండల్లో ఏళ్ల తరబడి పేరుకుని, మెల్లగా కిందికి జరిగే మంచునే హిమానీనదం అంటారు. మంచు పడి పెరుగుతుంది, ఎండకు కరిగి తరుగుతుంది. అది మన ఇంట్లో గాబు లాంటిది. పోసేదానికన్నా తోడేది ఎక్కువైతే అడుగంటుతుంది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించడంతో వచ్చే వాయువులు భూమిని వేడెక్కిస్తున్నాయి. మసి పడి నల్లబడిన మంచు ఎండను పీల్చుకుని ఇంకా త్వరగా కరుగుతుంది. హిందూకుష్ హిమాలయాల్లో 2010వ దశకంలో హిమానీనదాలు అంతకుముందు పదేళ్లకన్నా 65 శాతం వేగంగా తరిగాయని ఇసిమోడ్ సంస్థ 2023లో చెప్పింది.

ఇందులో ఒక మోసం ఉంది. మంచు వేగంగా కరిగే మొదటి రోజుల్లో వాగులో నీళ్లు పెరుగుతాయి. "కొరతేముంది?" అనిపిస్తుంది. అది విత్తనాలు వండుకు తినడం లాంటిది. ఆ పూట కడుపు నిండుతుంది, వచ్చే ఏడు పొలం బీడు. తృష్ణ పని చేసేది ఇలాగే.

పంచశీలలో రెండోది గుర్తు చేసుకోండి: ఇవ్వనిది తీసుకోను. కుమిక్ రైతు తన నీళ్లు ఎవరికీ ఇవ్వలేదు. ఇంకా పుట్టని పిల్లలు తమ వాటా ఎవరికీ రాసివ్వలేదు. మండించి లాభపడేది ఒకరు, దాహంతో ఊరు విడిచేది ఇంకొకరు. అలాగని పొయ్యిలో నాలుగు పుల్లలు పెట్టే కూలితల్లినీ, టన్నులకొద్దీ బొగ్గు కాల్చే కంపెనీనీ ఒకే వరసలో నిలబెట్టలేం. ఎవరు ఎక్కువ తీసుకున్నారో వాళ్ల బాధ్యతే ఎక్కువ.

ఈరోజే పొగ ఆపినా మంచు కొంతకాలం కరుగుతూనే ఉంటుంది. అయినా ఎంత తగ్గిస్తే అంత మంచు మిగులుతుంది. మనుషులు చేసింది కాబట్టే మనుషులు మార్చగలరు. కాబట్టి ఈసారి ఎవరైనా కరువును చూసి, వరదను చూసి "ఖర్మ" అంటే ఊరుకోకండి. కారణం అడగండి, బాధ్యులెవరో అడగండి. మహద్‌లో మనం నేర్చుకున్నది అదే.

నమో బుద్ధాయ!