కాయకమా, కాంక్షయా?

పన్నెండవ శతాబ్దపు శివశరణులలో అంబిగర చౌడయ్య ఒకడు. తుంగభద్రా నదిపై పడవ నడుపుట ఆయన కాయకము. ఒడ్డున నిలిచినవారిని ఆవలి ఒడ్డునకు చేర్చి, కూలి పుచ్చుకొని జీవించుచు, డాంబిక భక్తులను నిర్మొగమాటముగా ఖండించిన మహనీయుడాయన. ఆ తుంగభద్ర నీటిలో కొంత భాగము ఎగువ కాలువ ద్వారా నేడు అనంతపురపు పీఠభూమికి చేరుచున్నది. అయినను ఈ సీమలో పడవకు పని తక్కువ. పెన్నానది యేడాదిలో అధికభాగము ఇసుక పరుపే. ఇచ్చటి మెట్టరైతును తొలకరి ఒడ్డునుండి పంట ఒడ్డునకు దాటించు పడవ యేదైన నున్నయెడల అది ట్రాక్టరే.

కాకినాడ తీరమున చేపలు పట్టి బ్రతుకువాడు తన చిన్న మోటారు పడవను అమ్మి, ఒకరు వాడి విడిచిన పెద్ద పడవను కొనునపుడు పడు కలత యెట్టిదో, కళ్యాణదుర్గములోనో రాయదుర్గములోనో పాత ట్రాక్టరును ఇచ్చివేసి అంతకంటె పెద్దదియైన మరియొక పాత ట్రాక్టరును కొనువాని కలతయు అట్టిదే. రాత్రి నిద్ర పట్టదు. ఒక క్షణము పండుగవలె నుండును. మరు క్షణము గుండెలో రాయి పడినట్లుండును. క్రొత్తదియైనచో కంపెనీవాని మాటపై భారము వేయవచ్చును. పాతదాని విషయమున ఆ ధీమా లేదు. ఒకరి చేతిలో అది యెన్ని బాధలు పడినదో ఇనుము చెప్పదు.

ఈ కలత లోభమునకు గురుతా, లేక కాయకనిష్ఠకు గురుతా? మఠములలో అడుగదగిన ప్రశ్నయే యిది. బసవేశ్వరుని బోధలో పూజామందిరమునకొక ధర్మము, సంతకొక ధర్మము లేవు.

ప్రశ్న అర్థమగుటకు ఇచ్చటి నేల సంగతి కొంత తెలియవలెను. అనంతపురము దేశములో అతి తక్కువ వర్షము పడు జిల్లాలలో ఒకటి. సాలున సగటు 550 మిల్లీమీటర్లకు అటునిటు. నైరుతి మేఘములు పడమటి కనుమలలోనే బరువు దించుకొని వచ్చును. ఈశాన్యపు వానలు ఇంత దూరము చేరునప్పటికి అలసిపోవును. ఎర్రనేలలు, లోతు తక్కువ. జూన్, జూలై మాసములలో ఒక మంచి వాన పడినచో వేరుసెనగ విత్తుటకు పదును నిలుచునది మూడు నాలుగు దినములు మాత్రమే. ఆ దినములలో విత్తినవాడు విత్తినట్లు, తప్పినవాడు మరల ఆకాశము చూడవలసినట్లు. పూర్వము ప్రతి యింట కాడి ఎద్దులుండెడివి. ఎవరి గొర్రు వారిది గనుక ఊరంతయు ఒకేసారి చేలలో నుండెడిది. నేడు అనేక గృహములలో ఎద్దులు లేవు. (బసవన్నా యని పిలిచి మేపిన చేతులే ఆయుధపూజనాడు ట్రాక్టరు మూతిపై విభూతి రేఖలు దిద్దుచున్నవి. దీనిని చూచి నవ్వనక్కరలేదు.) ఎద్దులు పోయినవారందరు ట్రాక్టరు ఉన్నవాని కొరకు ఎదురుచూడవలసినదే.

ముప్పదియైదు గుర్రపుశక్తి ట్రాక్టరు గల రైతు నొకనిని ఊహింపవచ్చును. లింగవంతుల కుటుంబము. సొంతము పది యెకరములు, మిగిలిన కాలము బాడుగ దున్నకము. పదును దినములలో రేయింబవళ్లు నడిపినను సగము మందికే అందును. ఏబది గుర్రపుశక్తి గల పాత ట్రాక్టరు ఒకటి బేరమునకు వచ్చినది. దానికి తొమ్మిది నాగళ్ల కల్టివేటరు స్థానమున పదునొకండు నాగళ్లది తగిలింపవచ్చును. ఆశ పుట్టుట సహజము.

చూడబోవుదినమున అతడు తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకొనును. మొదట చేయి వేయునది ఇంజను మీద. అది వెచ్చగా నున్నచో అమ్మువాడు ముందే స్టార్టు చేసి బుజ్జగించి యుంచినాడని తెలిసికొనవలెను. చల్లని ఇంజను ఎన్ని త్రిప్పులకు లేచునో అదియే దాని నిజమైన ఆరోగ్యము. పొగ నీలముగా నున్నచో లోపల ఆయిలు కాలుచున్నది. నలుపు ఆగనిచో డీజిలు సరిగా కాలుటలేదు. కల్టివేటరును పైకెత్తి ఇంజను ఆపి కొంతసేపు నిలువవలెను. హైడ్రాలిక్కు బలహీనమైనచో ఆ బరువు మెల్లమెల్లగా నేలకు దిగును. ముందు చక్రములను పట్టి ఊపి చూడవలెను. గంటల మీటరు చెప్పు సంఖ్యను పెడలుల అరుగుదలతో పోల్చవలెను. సంఖ్య చిన్నదై పెడలు నున్నబడియున్నచో రెంటిలో ఒకటి అబద్ధమాడుచున్నది. పిదప కాగితములు: ఆర్.సి. పుస్తకములో ఫైనాన్సు కంపెనీ పేరు ఉన్నదా, ఉన్నచో అప్పు తీరినట్లు 35వ నంబరు ఫారము, నిరభ్యంతర పత్రము ఇచ్చినారా, పేరు మార్పునకు 29, 30 నంబర్ల ఫారములపై సంతకములైనవా యని.

ఇంత శ్రద్ధ లోభమని ఎవరును అనలేరు. పనిముట్టును పరీక్షింపనివాడు పనిని గౌరవింపనివాడు. ఈ మొదటి భయము, మోసపోవుదునేమోయను భయము, మేస్త్రీతోను కాగితములతోను తీరును. తీరనిది వేరొకటి కలదు. అది సాధారణముగా ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొన్న తరువాత ఇల్లాలి నోట వచ్చును: “ఉన్న బండి మనకు చాలలేదా?”

ఈ ప్రశ్నకు శరణుల చరిత్రలో పూర్వరూపమున్నది. ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె వాకిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ ఒప్పుకొనలేదు. అధికమైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. మారయ్య దొంగిలింపలేదు, అబద్ధమాడలేదు. అయినను ఆ యిల్లాలు ఆ గింజలలో ఆశ వాసన పసిగట్టెను.

అయితే లక్కమ్మ మాటను తెచ్చి పెద్ద ట్రాక్టరుపై మోపి, అధికము గనుక అధర్మమని తీర్పు చెప్పుట తొందరపాటు. ఉపన్యాసకులు కొందరు ఇట్లే చేయుదురు. మారయ్య తెచ్చిన అధికపు బియ్యము ఆనాటి దాసోహమునకు అక్కరలేనిది. ఇచ్చటనో, పదును ఆరిపోవుచుండగా అధికమైన పదునైదు గుర్రముల బలము మరి కొన్ని చేలకు విత్తనము వేయించగలదు. పడవ చిన్నదైనందున ఒడ్డున కొందరు మిగిలిపోవుచుండగా, పెద్ద పడవను కోరుట ఆశ యెట్లగును? బలము ఎంతయని గాక, ఆ బలము ఎవరికి అందునని అడుగవలెను. లక్కమ్మ తూచినదియు గింజల బరువును కాదు గదా.

ఇచ్చటనే కొనువాని మనస్సు మోసము చేయును. “ఊరికి మేలగును” అనుట సులభము. కాని తొలకరినాడు ఫోను మ్రోగినపుడు మొదట ఎవరి చేనికి పోవును? ఇరువది యెకరములు ఒకేచోట గలవాడు రొక్కము చేతబట్టుకొని పిలుచును. ఊరి చివర రెండెకరముల చెక్క గల వితంతువు పంట వచ్చిన తరువాత ఇత్తుననును. చిన్న చెక్కలో బండి త్రిప్పుటకే కాలము, డీజిలు వ్యర్థమగును. ఆమె వంతు నాలుగవ దినమున వచ్చును. నాలుగవ దినమునకు పదును ఆరిపోవును. ఎవరును ఆమెకు కీడు తలపెట్టలేదు. వరుస మాత్రమే ఆమెను ముంచినది.

దాసోహమనగా తాను తినగా మిగిలినదానిని పంచుట యని అనేకులు తలచుచున్నారు. మిగులు అన్నమునకు ఆ లెక్క కొంత సరిపోవునేమో గాని, పదునునకు మిగులు లేదు. ట్రాక్టరు గలవాని దాసోహము అతడిచ్చు చందాలో లేదు. ఆ మూడు దినముల వరుసలో ఉన్నది. ఉరవకొండ గవిమఠమునకు పండుగనాడు బియ్యపు మూట పంపినంతమాత్రమున ఎండిన ఆ రెండెకరముల బాకీ తీరదు.

మరియొక చిక్కు కలదు. పెద్ద ట్రాక్టరు పెద్ద అప్పుతో వచ్చును. పాత బండ్లకు ప్రైవేటు ఫైనాన్సువారి వడ్డీ తరచుగా క్రొత్తవానికంటె హెచ్చు. కంతు తేదీ వానను చూచి రాదు. చిన్న బండినాడు, “అమ్మా, డబ్బులు పంట వచ్చినాక ఇద్దువులే” యని అనగలిగిన మనుష్యుడే, పెద్ద బండినాడు ఆ మాట నోటికి వచ్చియు మ్రింగుకొనవలసి వచ్చును. అతడు చెడ్డవాడు కాలేదు. తన మంచితనమును కంతులకు తాకట్టు పెట్టినాడు. ఇల్లాలి ప్రశ్నలో దాగిన భయము బహుశః యిదియే. కనుక కొనుటకు ముందు వేయవలసిన లెక్క ఒకటున్నది: కంతు కట్టిన పిదప కూడ, పదును దినములలో ఒక పూటయైన బాడుగ వెంటనే అడుగక దున్నగల స్తోమత మిగులునా? మిగులునంత వరకే ఆ బండి పెద్దది. మిగులనినాడు, గుర్రముల సంఖ్య ఎంతయైనను, దాని యజమాని మునుపటికంటె చిన్నవాడగును.

ఇంతవరకు కొనువాని గూర్చియే చెప్పబడినది. కాని అతడు అమ్మువాడు కూడ. పాత బండి పోవలెను గదా. ఆ ముప్పదియైదు గుర్రముల ట్రాక్టరు హైడ్రాలిక్కు రెండు సంవత్సరములనుండి కారుచున్నది; మూడవ గేరు ఎక్కుడులో జారును. అతనికి తెలియును. బేరమునకు వచ్చినవాడు మొదటిసారి ట్రాక్టరు కొనుచున్న యువకుడు. బెంగుళూరులో కట్టడపు పనికి పోయి కూడబెట్టిన సొమ్ము తెచ్చినాడు. మేస్త్రీని తేలేదు. ఏమడుగవలెనో ఎరుగడు. టైర్లు చూచి, రంగు చూచి, “అన్నా, బండి బాగుండునా?” అని మాత్రమే అడుగును.

నిన్న మరియొకని వాకిట తాను వెచ్చని ఇంజనుపై చేయివేసి అనుమానించిన మనుష్యుడే నేడు ఈ ప్రశ్నకు బదులు చెప్పవలెను. అడుగని దోషమును చెప్పనక్కరలేదని సంత న్యాయము. అబద్ధమాడలేదు గదా యని మనస్సు సర్దిచెప్పును. అంతరంగశుద్ధికిని బహిరంగశుద్ధికిని నడుమ బసవేశ్వరుడు గోడ కట్టలేదు. మెడలో ఇష్టలింగము ధరించినవాడు ఆ యువకుని సొమ్ము లెక్కించుకొనునపుడు ఆ లింగము ఎచ్చటికిని పోదు. మౌనమునకు ధర కలదు. ఆ ధర మరమ్మతు ఖర్చుతో సమానము. దానిని ఆ యువకుడు తొలకరినాడు, తన చేనినడుమ, పదును ఆరుచుండగా చెల్లించును.

అతడు బదులు చెప్పక బండి యెక్కెను. స్టార్టు చేసి కల్టివేటరును పూర్తిగా పైకెత్తి ఇంజను ఆపెను. “కొంచెము సేపు చూడు, తమ్ముడా” యనెను. ఇద్దరును ప్రక్కప్రక్కన నిలిచిరి. ఇనుప నాగళ్లు కంటికి కనబడునంత మెల్లగా క్రిందికి దిగి నేలను తాకెను. మూడవ గేరు సంగతి చెప్పినది ఆ తరువాత. ధర మాట మొదలైనది అటుపిమ్మటనే.