తాతగారికి ఫోను నేర్పుట ఏ దానము?

గడ్‌చాందూర్ చంద్రపూర్ జిల్లాలోని సిమెంటు ఊరు. ఆదిలాబాదు సరిహద్దు చేరువ గనుక మరాఠీతోపాటు తెలుగు, హిందీ, గోండీ కూడ ఆ ప్రాంతమున వినబడును. ఇట్టి ఊళ్లలో దుకాణము పెట్టి బ్రతికిన మన పెద్దలకు ఒంటరితనమనునది ఒకప్పుడు తెలియదు. గల్లాపెట్టె ముందు కూర్చున్నవానికి ప్రొద్దస్తమానము పలుకరింపులే. ఉప్పు కొనవచ్చినవాడు కూతురి పెండ్లి సంగతి చెప్పి పోయెడివాడు. ఇప్పుడు గల్లాపెట్టె కొడుకు చేతికి వచ్చినది. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట చిల్లర లెక్కించు పని కూడ తగ్గినది. మనుమలు నాగపూరుకో, హైదరాబాదుకో చదువులకు పోయిరి. పెద్దాయన వెనుకగదిలో, కొడుకు కొనియిచ్చిన ఫోనును ముట్టుటకు జంకుచు కూర్చుండును.

యువకులు పెద్దలకు ఈ విద్య నేర్పవలెనని నేడు పలుచోట్ల ప్రయత్నములు జరుగుచున్నవి. కేరళలో 21 లక్షలమందికి పైగా శిక్షణ పొందిరి. వారిలో 104 ఏండ్ల వృద్ధుడును కలడు. 2025 ఆగస్టులో ఆ రాష్ట్రము సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించితినని ప్రకటించుకొన్నది. కెనడాలో హైస్కూలు విద్యార్థులు వృద్ధులకు కంప్యూటరు నేర్పిన వృత్తాంతము 2014లో ‘సైబర్ సీనియర్స్’ అను చిత్రముగా వెలువడెను. బొంబాయిలో 2022లో శాంతను నాయుడు ‘గుడ్‌ఫెలోస్’ అను సంస్థను ప్రారంభించి పట్టభద్రులైన యువతీయువకులను వృద్ధులకు తోడుగా పంపిరి. రతన్ టాటా అందు పెట్టుబడి పెట్టిరి. ఆ తోడునకు రుసుము కలదు. వ్యాపారస్థులమైన మనము రుసుము పేరు విని నొసలు చిట్లింపనక్కరలేదు. కాని ఇంట మనుమడుండగా తోడును కొనవలసివచ్చిన యెడల, అది మాత్రము ఆలోచింపదగినదే.

ఆహార, ఔషధ, జ్ఞాన, అభయములని మనవారు దానములను నాలుగు విధములుగా చెప్పుదురు. ఫోను నేర్పుట జ్ఞానదానమని చాలమంది తలంపు. నాకది అభయదానమని తోచును. నోటిలెక్కతో వడ్డీ కట్టినవానికి తెలివి తక్కువా? ఆయనకు ఉన్నది భయము. ఏ మీట నొక్కిన ఏమగునో, డబ్బు పోవునేమో, కోడలు నవ్వునేమో! ఈ మూడింటిలో కడపటిదే పెద్దది. “ఇటియ్యి తాతా, నేను చేస్తా” నని మనుమడు ఫోను లాగుకొని క్షణములో పని ముగించును. పని అయినది, భయము రెట్టింపైనది. ఫోను పెద్దవారి చేతిలోనే ఉండవలెను, నేర్పువాడు తన చేతులు కట్టుకొని కూర్చుండవలెను. ఒక సామాయికము 48 నిమిషములు. వారమునకొకసారి అంతసేపు విసుగుకొనక కూర్చున్న చాలును.

అట్లని భయమంతయు పోగొట్టరాదు. ‘డిజిటల్ అరెస్టు’ అని బెదరించి వృద్ధుల సొమ్ము కాజేయువారు కలరు. అట్టి అరెస్టు మన చట్టములో లేనే లేదు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు, పంపుటకే కావలెను. మోసపోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను. గోయి ఎక్కడున్నదో తెలిసినవాడే చీకటిలో ధైర్యముగా నడువగలడు.

పెద్దలును పిల్లలవలె ఫోనులో మునిగిపోరా యని కొందరి ఆక్షేపణ. మునుగవచ్చును. రోజుకు ఇన్నూరు శుభోదయములు అందుకొనువాడు సైతము ఒంటరివాడే కావచ్చును. అందుచేత మొదట నేర్పవలసినది వీడియోలు చూచుట కాదు, మనిషిని పిలుచుట. సంవత్సరికి మన పెద్దలు క్షమాపణ జాబులు స్వహస్తముతో, పేరుపేరున వ్రాసెడివారు. నేటి యువకుడు ఒక్క బొమ్మను మూడువందలమందికి పంపి ‘మిచ్ఛామి దుక్కడం’ అయినదనుకొనును. ఈ ఒక్క విషయములో తాతగారే గురువు. ఎవరిని, దేనికి క్షమాపణ అడుగవలెనో ఆయనకు తెలియును. దుకాణము పంచుకొన్ననాటినుండి మాటలు లేని తమ్ముడు ఏ ఆదిలాబాదులోనో ఉండును. ఆ తమ్ముని నంబరు వెదకి, ముఖము కనబడునట్లు ఎట్లు పిలువవలెనో చూపవలెను. అవతల ముఖము కనబడగానే మనుమడు లేచి, తలుపు దగ్గరగా వేసి, బయటకు పోవలెను.